పది మూరల హౌజు

మొన్న అక్క మనవణ్ని వెంటబెట్టుకొని గోల్కొండ సుల్తానుల సమాధులున్న ఏడు గుంబజులకు పోయాను. వాడు ముందు ఉరుకుతున్నాడు, నేను మోకాళ్లు చూసుకుంటూ వెనక నడుస్తున్నాను. ఒక గోడ నీడన ఇద్దరు పనివాళ్లు తొట్టిలో సున్నం కలుపుతున్నారు. గాలి ఇటు మళ్లింది. తడి సున్నం వాసన, అందులో నానిన కరక్కాయ వగరు, అడుగున ఎక్కడో బెల్లం తీపి. వాడు తిరిగొచ్చి చెయ్యి పట్టి గుంజేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.

ఆ సమాధుల మరమ్మతు 2013లో మొదలైంది. ఆగా ఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పెట్టుకున్న పని. మధ్యకాలంలో పూసిన సిమెంటును గీకి తీసేసి, కట్టిన నాటిలాగే సున్నంతో పూశారు. గోల్కొండ సుల్తానుల సమాధులకు ఆ భాగ్యం దక్కింది, సంతోషం. నాకు మాత్రం ఆ వాసనతో హైదరాబాదు కార్వాన్‌లో మా గల్లీ మసీదు కళ్ల ముందుకొచ్చి నిలబడింది. దానికి పుస్తకాల్లో బొమ్మ లేదు, చూడ్డానికి వచ్చేవాళ్లు లేరు. నా చిన్నతనమంతా దాని గోడకు ఆనుకొనే గడిచింది.

*

మాది పాలమూరు వైపు పల్లె. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. మా నాయినమ్మకు ఉర్దూ నాలుగు ముక్కలు కూడా వచ్చేవి కావు. ఊళ్లో మసీదు లేదు, పీర్ల కొట్టం ఉండేది. మొహర్రంలో పీర్లు లేచిన రాత్రి కులం లేదు, మతం లేదు, ఊరంతా గుండం చుట్టే. నమాజంటే పండుగ నాడు పెద్దవాళ్లు పక్క ఊరికి నడిచిపోయి చదివి వచ్చేదని మాత్రమే నాకు తెలుసు. రెండేండ్లు వరసగా వానలు లేకపోయేసరికి నాయిన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని పట్నం వచ్చాడు. ఆర్నెల్లకు మేం వెనక వచ్చాం.

కార్వాన్‌లో ఆయనకు మసీదు మల్గీ ఒకటి కిరాయికి దొరికింది. మల్గీ అంటే మసీదు ప్రహరీలోనే వీధి వైపు తెరుచుకునేటట్టు కట్టిన దుకాణపు గది. ఆ కిరాయిల మీదే మసీదు కరెంటు బిల్లు, అజాన్ పిలిచే మౌజన్ జీతం, చాపలు, చీపుర్లు నడిచేవి. మా వరసలో ఐదు మల్గీలు. ఒక దర్జీ, ఒక గడియారాలు బాగుచేసే ఆయన, మరమరాలు అటుకులు అమ్మే శెట్టి, ఒక సైకిళ్ల దుకాణం, చివరన మా దూది. ఐదుగురిలో ఇద్దరు హిందువులు. నెల మొదట్లో మసీదు ఆస్తి వ్యవహారాలు చూసే ముతవల్లీ సాబ్ రసీదు పుస్తకం పట్టుకొని వస్తే అందరికంటే ముందు శెట్టే కట్టేవాడు. బోణీ కాకపోతే మాత్రం "జర ఆగుండ్రి సాబ్" అని కూర్చోబెట్టి, మొదటి పైసలు చేతిలో పడగానే లెక్కపెట్టి ఇచ్చేవాడు.

మా మల్గీ వెనక గోడకు అవతలి పక్కే మసీదు సెహన్, అంటే ఆరుబయలు ముంగిలి. నాయిన దూది ఏకుతుంటే విల్లు నరం తుంయ్, తుంయ్ అని గోడ దాకా మోగేది. లోపల నమాజుకు జమాత్ నిలబడే వేళకు ఆ మోత ఆగాలి. ఆపమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనే ఆపేవాడు. నాకు గడియారం చూడడం రాకముందే ఐదు పూటల వేళలు అలా తెలిశాయి. ఇంట్లో అమ్మ కూడా విల్లు ఆగడం చూసే పొయ్యి మీద ఎసరు పెట్టేది.

*

కట్టడం చిన్నదే. ముందర మూడు కమానులు, రెండు మూలలా రెండు మినార్లు. మినార్ నడుముకు ఒడ్డాణంలాగ చుట్టూ ఒక అంచు, నెత్తిన తామర రేకుల మీద కూర్చున్న చిన్న గుమ్మటం. కప్పు అంచున కోటగోడ మీది పళ్లలాగ వరసగా కంగూరాలు. కమానులు మూడో, ఐదో, ఎప్పుడూ బేసి లెక్కే. నడిమి కమానులోంచి చూస్తే తిన్నగా పడమటి గోడలో ఇమాం నిలబడే గూడు, మెహరాబు, కనబడాలి, సరి లెక్క అయితే అక్కడ స్తంభం అడ్డొస్తుంది.

మనకు మక్కా పడమటి దిక్కు. అందుకని ఇక్కడి మసీదులన్నిటికీ ముఖం తూర్పుకే ఉంటుంది. వీధి ఎన్ని వంకర్లు పోయినా మసీదు వంకర పోదు. మా గల్లీ ఏటవాలుగా పోతుంది కాబట్టి దర్వాజా ఒక మూలకు పడింది. గడప దాటగానే ఒళ్లు ఒక పక్కకు తిప్పుకొని నడిస్తే తప్ప సెహన్‌లోకి తిన్నగా రాలేం. చిన్నప్పుడు అది కట్టినవాళ్ల పొరపాటు అనుకునేవాణ్ని. రోజూ అయిదుసార్లు ఆ మలుపు తిరిగి తిరిగి, ఇప్పుడు కూడా ఏ మసీదులో అడుగుపెట్టినా నా కుడి భుజం దానంతటదే ముందుకు వస్తుంది.

మా మసీదు అచ్చు ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. కార్వాన్ రోడ్డు మీదే తోలి మసీదు ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ఉన్న మూసాఖాన్ 1671లో కట్టించింది. ముందర ఐదు కమానులు, ఒంటినిండా సున్నపు గచ్చు పనితనం. దాన్ని దమ్డీ మసీదు అని కూడా అంటారు. మక్కా మసీదు పని మూసాఖాన్ చూస్తున్నప్పుడు, ఖర్చయ్యే రూపాయి రూపాయికీ ఒక దమ్డీ, చిల్లర నాణెం, ఆయనకు ముట్టేదట. ఆ దమ్డీలు కూడబెట్టి దీన్ని కట్టించాడట. మౌజన్ సాబ్ ఈ కథ చెప్పేటప్పుడు బొటనవేలి గోరు మీద చూపుడువేలు ఆనించి దమ్డీ ఎంత చిన్నదో చూపించేవాడు. మక్కా మసీదేమో మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలై, గోల్కొండ రాజ్యం పోయాక ఔరంగజేబు హయాంలో 1694లో గానీ పూర్తి కాలేదు. పెద్ద మసీదు ముగియక ముందే దాని చిల్లరతో కట్టిన మసీదులో జనం ఇరవై ఏండ్లకు పైగా నమాజు చదువుకున్నారన్నమాట. ఆ లెక్క నాకిప్పటికీ ఇష్టం.

ఒకసారి నాయినతో పరుపులు దించడానికి బేగంపేట పోయినప్పుడు అక్కడి స్పానిష్ మసీదు చూశాను. పాయిగా నవాబు స్పెయిన్‌లో కార్డోబా మసీదు చూసి వచ్చి మొదలుపెట్టించాడని, 1906లో పూర్తయిందని తర్వాత తెలిసింది. గుమ్మటాలు లేవు, కొనదేలిన శిఖరాలు. సాయంత్రపు అసర్ నమాజు అక్కడే చదివాం. బయటికి వచ్చాక నాయిన "బాగుంది గాని మన మసీదుల లెక్క కూసుండబుద్ధి కాలే" అన్నాడు. అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన వెతుక్కున్నది హౌజు గట్టు, మసీదు నడుమ ఉండే నీళ్ల తొట్టి గట్టు, అని నాకు చాలా ఏండ్లకు అర్థమైంది.

*

సెహన్ అంతా షాబాదు బండలు. నడుమ హౌజు. ఈశాన్య మూలన వేపచెట్టు.

హౌజు కొలత అడిగితే మౌజన్ సాబ్ "దహ్ దర్ దహ్" అనేవాడు. పదికి పది. పది మూరల పొడుగు, పది మూరల వెడల్పు. అందం కోసం పెట్టిన కొలత కాదది. ఇస్లాం ధర్మశాఖల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో అంత వైశాల్యం ఉన్న నిలవ నీళ్లు పారే నీళ్లతో సమానం. అందులో ఏదన్నా పడ్డా రంగు, రుచి, వాసన మారనంతవరకు ఆ నీళ్లు చెడవు. పది మూరలకు తక్కువైతే ఆ లెక్క కుదరదు. వాగు లేని చోట, కుళాయి లేని కాలంలో, గల్లీ మొత్తానికి ఎప్పటికీ శుద్ధంగా ఉండే నీళ్లు ఎట్లా అన్నదానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం అది. దోమలు గుడ్లు పెట్టకుండా అందులో చేపలు వదిలేవాళ్లు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు కూర్చుంటే పిల్ల చేపలు వచ్చి వేళ్ల కొసలు చప్పరించి పోయేవి.

ఏడాదికోసారి, రంజాన్ ముందు, హౌజు ఖాళీ చేసి కడిగేవాళ్లం. చేపల్ని గంగాళాల్లోకి ఎత్తడం పిల్లల పని. మొదటి ఏడు నేను అడుగున పాచి మీద జారుతూ ఆ గోడను మోచెయ్యి పెట్టి కొలిచాను. నా మూరకు పదమూడు వచ్చింది. తప్పు కట్టారని అరిచాను. మౌజన్ సాబ్ ఏమీ అనకుండా లోపలికి దిగి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మూర మీద మూర పెట్టుకుంటూ పోయాడు. సరిగ్గా పది. "తేరా హాత్ అభీ ఛోటా హై బేటా", నీ చెయ్యి ఇంకా చిన్నది బిడ్డా, అని నా తడి తల మీద చెయ్యి పెట్టాడు. ఆనాటి నుంచి ప్రతి ఏడూ కొలుచుకునేవాణ్ని. పన్నెండుకు వచ్చింది. కొన్నేండ్లకు పదకొండుకు వచ్చింది.

వజూ ఎట్లా చేస్తారో తెలిసినవాళ్లకు తెలుసు. మణికట్ల దాకా చేతులు, పుక్కిలి, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, తడిచేత్తో తల తుడుచుకోవడం, చివరికి కాళ్లు. హౌజుకు నాలుగు వైపులా రాతి గట్టు, గట్టు కింద వాడిన నీళ్లు పోయే సన్నటి కాలువ. అందరం నీళ్ల వైపు తిరిగి కూర్చుంటాం. అంటే ఎదుటి గట్టు మీద ఉన్నవాడి ముఖం మనకు, మన ముఖం అతనికి. తల వంచితే నీళ్లలో అదే ముఖం. రోజుకు ఐదుసార్లు.

వజూ నడుమ మాటలొద్దని నమాజు చదివించే పేష్ ఇమాం సాబ్ ఎప్పుడూ చెప్పేవాడు. అందుకని కాళ్లు కడుక్కున్న తర్వాతే మాటలు మొదలయ్యేవి. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరి కొడుకు దుబాయి నుంచి ఉత్తరం రాయలేదు, ఎవరికి మగ్గం పని కావాలి, ఎవరి గోడ పడిపోయింది. మా నాయినకు ఉర్దూ సరిగ్గా పలికేది కాదు. మొదటి ఏడాది ఆయన ఆ గట్టు మీద సలాం తప్ప నోరు విప్పలేదు. కానీ ఆయన ముఖం అందరికీ తెలిసిపోయింది. ఒకసారి ఆయనకు చలిజ్వరం వచ్చి మంచం పట్టాడు. రెండో రోజు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక గడియారాలాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో బ్రెడ్డు పొట్లం. ఎవరు చెప్పారని అమ్మ అడిగితే "కోయీ నై బోలే. సామ్నే కీ జగా ఖాలీ థీ" అన్నాడు. ఎవరూ చెప్పలేదమ్మా, ఎదుటి చోటు ఖాళీగా కనబడింది అని.

*

సున్నం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

ఒక వానాకాలం మెహరాబుకు ఎడమ పక్క కప్పు కారడం మొదలైంది. అంతకుముందు ఎప్పుడో పగుళ్లకు సిమెంటు పూసి ఉన్నారు. ఆ సిమెంటు అంచుల వెంబడే నీళ్లు దిగి లోపలి గోడ ఉప్పుబట్టి పొరలుగా రాలేది. సజ్దాలో నుదురు ఆనిస్తే చాప మీద తెల్లటి పొడి. కమిటీలో కొందరు ఇంకో పూత సిమెంటు చాలన్నారు. ముతవల్లీ సాబ్ ఒప్పుకోలేదు. మొయినాబాద్ వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. నుదుట బొట్టు, నెత్తిన రుమాలు. పాత గచ్చు పని తెలిసిన చివరి చేతుల్లో ఆయనదొకటని చెప్పుకునేవాళ్లు.

ఆయన వచ్చి గోడను గోటితో గీకి, ఆ పొడి నాలుక మీద వేసుకొని చూశాడు. తర్వాత నెలపాటు పని మొదలే పెట్టలేదు. గుంత తవ్వించి అందులో కాల్చిన సున్నం పోసి నీళ్లు పెట్టించాడు. అది కుతకుత ఉడికింది. ఆరిపోయాక తడి ఆరకుండా అట్లాగే నాననిచ్చాడు. మూసీ పక్కన ఖాళీ జాగాలో గుండ్రంగా డంగు ఏర్పాటు చేశాడు. ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం కాలువలో దొర్లుతూ సున్నాన్నీ ఇసుకనూ వెన్నలాగ రుబ్బేది. కరక్కాయలు నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. బడి నుంచి రాగానే తట్టలు మొయ్యడం నా పని. నా చొక్కా, జుట్టు, రాత్రి దిండు అన్నీ అదే వాసన.

"తాతా, సిమెంటయితే ఒక్కరోజుల అయిపోతది గదా" అని అడిగాను.

"అయితది బిడ్డా. గోడ లోపటి చెమ్మ ఏడికి పోవాలె? సిమెంటు నోరు మూసినట్టు. సున్నమైతే గాలి తింటది. ఎన్నేండ్లయినా తింటనే ఉంటది, తిన్నకొద్దీ గట్టివడ్తది."

కాలేజీలో రసాయనశాస్త్రం మాస్టారు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా తిరిగి సున్నపురాయి అవుతుందని బోర్డు మీద రాసినప్పుడు, నాకు మేస్త్రీ తాత నోరు కదిలినట్టే కనిపించింది.

కప్పు మీద గచ్చు పరిచాక పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చొని చెక్క దిమ్మెలతో కొట్టారు. మూడు రోజులు పొద్దంతా అదే చప్పుడు, దానికి తగ్గట్టు పాట. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు వంత. బోనాల పాటలు, నాట్ల పాటలు, ఎల్లమ్మ పాటలు మసీదు కప్పు మీది నుంచి గల్లీ అంతా వినబడ్డాయి. అజాన్ మొదలైతే వాళ్లే దిమ్మెలు పక్కన పెట్టి కొంగు తల మీదికి లాక్కునేవాళ్లు. అజాన్ ముగిశాక ఆపిన చోటి నుంచే పాట. పేష్ ఇమాం సాబ్ వాళ్లకోసం రోజూ మధ్యాహ్నం చాయ్ పంపించేవాడు.

గోడ పూత అయ్యాక మేస్త్రీ తాత నున్నటి గులకరాయితో దాన్ని రుద్దుతూ కూర్చున్నాడు. రుద్దినకొద్దీ గోడ కోడిగుడ్డు పెంకులాగ మెరిసింది. నా అరచెయ్యి పట్టుకొని దాని మీద ఆనించాడు. బయట ఎండ మండుతోంది, గోడ చల్లగా ఉంది. ఆ కప్పు మళ్లీ కారలేదు.

*

ఒక శుక్రవారం జుమా నాడు సెహన్ కూడా నిండి, షామియానా కింద దాకా సఫ్‌లు, నమాజు వరసలు, నిలబడ్డాయి. నమాజులో మొదటి వంతు, రకాత్, నడుస్తుండగా కరెంటు పోయింది. మైకు చచ్చిపోయింది. వెనకవాళ్లకు ఇమాం గొంతు అందదు. వంగి రుకూకు పోవాలా, నిలబడే ఉండాలా తెలియదు. నాకప్పుడు పదిహేనేండ్లుంటాయి. నడిమి కమాను కింద ఉన్నాను. లోపలి నుంచి పలచగా "అల్లాహు అక్బర్" వినబడింది. అట్లాంటప్పుడు నడుమ ఉన్నవాడొకడు గట్టిగా అందుకొని వెనకకు చేరవెయ్యాలి, అతన్ని ముకబ్బిర్ అంటారు. మైకులు రాకముందు పెద్ద మసీదులన్నీ అట్లాగే నడిచాయి. ఎవరూ అందుకోలేదు. నా గొంతు నాకు తెలియకుండానే లేచింది. నా వెనక వందల మంది వంగిన చప్పుడు, బట్టల రెపరెప, ఒక్కసారిగా. నమాజు ముగించే సలాం దాకా నేనే చెప్పాను. అయిపోయాక కాళ్లు వణికి అక్కడే కూలబడ్డాను.

జనం పోయాక పేష్ ఇమాం సాబ్ నన్ను అదే కమాను కింద నిలబడమని, తాను మెహరాబులోకి పోయి గోడ వైపు తిరిగి, గుసగుసకు కొంచెం పైగా నా పేరు పలికాడు. చెవి పక్కన పిలిచినట్టు వినబడింది. ఆ గూడు లోతు, దాని పైన గుండ్రటి వంపు కలిసి మాటను వెనకకు విసురుతాయి. ఇమాం మనకు వీపు పెట్టి నిలబడతాడు కదా, ఆయన గొంతును మనవైపు తిప్పేది ఆ గోడే. "మైకు పెట్టినంక ఈ గోడ మాట ఎవరూ వింటలేరు" అన్నాడాయన. మా నాయినతో మాట్లాడి మాట్లాడి ఆయనకు కూడా తెలుగు వచ్చేసింది.

*

రంజాన్ గురించి రాస్తే అదే ఒక పుస్తకం. రెండు ముక్కలు చెప్తాను.

ఇఫ్తార్‌కు సెహన్‌లో పొడుగాటి దస్తర్‌ఖాన్ పరిచి మనిషికి ఒక ఖజూరం, రెండు ముక్కలు పండు, దోసెడు గుగ్గిళ్లు పెట్టేవాళ్లు. నెలరోజులూ శనివారాల గుగ్గిళ్లు శెట్టివి. ఇంట్లో ఉడికించి, పోపు పెట్టి, పెద్ద గిన్నె మీద ఆకు కప్పి తానే మోసుకొచ్చి గడప దగ్గర దించేవాడు. ఉపవాసం విడిచే సైరన్ మోగే ముందు ఒక నిమిషం ఉంటుంది. అన్నీ ముందే ఉంటాయి, ఎవరూ ముట్టరు. వేపచెట్టు మీద పక్షుల అరుపు, గిన్నెల మీద వాలే ఈగలను తోలే చేతులు, ఎవరో పెదవుల మీద దువా. అంత మంది ఆకలితో అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఇంకెక్కడా చూడలేదు.

రాత్రి రంజాన్ ప్రత్యేక నమాజు, తరావీహ్, ఇరవై రకాత్‌లు. ఖురాన్ కంఠతా వచ్చిన హాఫిజ్ సాబ్ దాని ముప్ఫై పారాలు, అంటే భాగాలు, మొత్తం ఆ నెలలో చదివి ముగించాలి. పదో రకాత్‌కు మేం పిల్లలం ఒక్కొక్కరం వెనకకు జారి, పగటి ఎండకు వెచ్చబడ్డ షాబాదు బండల మీద పడుకునేవాళ్లం. ఆ వెచ్చదనంలో, ఆ చదువు వినబడుతుండగా పట్టిన నిద్ర, నాయిన ఎత్తుకొని ఇంటికి మోసుకుపోతున్నట్టు సగం తెలియడం, అంతే గుర్తు.

*

గల్లీలో ఎవరు పోయినా మొదట మా మల్గీకి కబురొచ్చేది. మయ్యత్‌కు, అంటే శవానికి, స్నానం చేయించాక దూది కావాలి. కర్పూరం సజ్దాలో నేలకు ఆనే చోట్లకు రాస్తారు: నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలు. దూదికి నాయిన ఒక్క పైసా తీసుకున్నది లేదు. కొత్త బస్తా విప్పినప్పుడు మొదట ఏకిన దూది, గింజ నలుసు లేనిది, ఒక రేకు డబ్బాలో ఎత్తిపెట్టేవాడు. అది పరుపులకు వాడడు. పెండ్లి పరుపు కుడుతూ దూది తక్కువైనా ఆ డబ్బా జోలికి పోడు. శవాన్ని మోసే జనాజా డోలా మసీదు దర్వాజా పక్క గదిలో నిలబెట్టి ఉండేది. పిల్లలం దాని పక్కనుంచి పోయేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లం. నాయిన మాత్రం దూది ఇచ్చి వచ్చేటప్పుడు దాని కర్రను ఒకసారి చేత్తో తడిమి వచ్చేవాడు.

హౌజు నా మూరకు పదికి వచ్చిన ఏడే ఆయన పోయాడు. స్నానం చేయిస్తున్నవాళ్లు దూది తెమ్మంటే నేనే మల్గీ తాళం తీశాను. డబ్బా నిండా ఉంది. మూత తియ్యగానే పైకి ఉబ్బింది. విల్లు గోడకు తగిలించి ఉంది. అవతల సెహన్‌లో జనాజా నమాజుకు జనం వజూ చేస్తున్నారు, గోడలోంచి నీళ్ల చప్పుడు.

*

మసీదు దర్వాజా దగ్గర ఇంకో సంగతి జరిగేది, ఇదీ నాయినదే.

మగ్రిబ్ అయ్యే వేళకు ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకొని, కొందరు గ్లాసుల్లో నీళ్లు పట్టుకొని, మెట్ల కింద వరసగా నిలబడేవాళ్లు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, బుర్ఖా వేసుకున్నవాళ్లు, బస్తీ నుంచి పనికి పోయి వచ్చేవాళ్లు. నమాజు చదివి బయటికి వచ్చే ప్రతి మనిషీ ఒక్క క్షణం ఆగి, పిల్ల ముఖం మీద దువా చదివి ఊదిపోవాలి. దిష్టి పోతుందని, రాత్రిపూట ఏడవరని నమ్మకం. మొదటిసారి ఒక తల్లి నాయిన ముందు బిడ్డను చాపినప్పుడు ఆయన వెనక్కి జరిగాడు. "నాకు పెద్ద దువాలు రావమ్మా" అన్నాడు తెలుగులో. ఆమె మొహం విప్పారింది. "మన బాషల మాట్లాడిండ్రు, గంతే చాలు. మీకేదొస్తే గదే చదువుండ్రి" అంది. ఆయనకు బాగా వచ్చినదొక్కటే, ఖురాన్‌లోని ఖుల్ హువల్లాహు. నాలుగే వాక్యాలు. కండ్లు మూసుకొని మూడుసార్లు చదివి, దూది పోగు చెదరకుండా ఊదినట్టు, మెల్లగా ఊదాడు. తర్వాత కొన్నాళ్లకు తెలుగు తల్లులంతా ఆయన వచ్చే దాకా ఆగడం మొదలుపెట్టారు.

*

ఉద్యోగం పేరుతో ఊళ్లు పట్టుకు తిరిగాను. పండుగలకు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారేది. జనం పెరిగారు, జుమా నాడు వీధిలో నిలబడాల్సి వస్తోందన్నారు. బోరు పడింది. హౌజు కారుతోందని, దోమలని, నీళ్లు నింపడం కష్టమని మాటలు నడిచాయి. ఒక ఏడు వచ్చేసరికి హౌజు పూడ్చి, పైన బండలు పరిచి, రేకుల షెడ్డు వేశారు. వజూకు ఉత్తరపు గోడ పొడుగునా కుళాయిలు, ముందు సిమెంటు పీటలు. నేను దాన్ని తప్పు పట్టలేను. ఇంకో మూడు సఫ్‌లకు చోటు వచ్చింది. వంగలేని ముసలివాళ్లకు ఆ పీటలు సుఖం. గట్టు మీది నుంచి లేవలేక ఇంకొకరి చెయ్యి కోసం చూసేవాళ్లను నేనూ చూశాను.

కానీ ఇప్పుడు వజూ చేసేటప్పుడు అందరి ముఖం గోడకే. ఇరవై కుళాయిలు, ఇరవై వీపులు. పక్క మనిషి ఎవరో లేచేటప్పుడు గానీ తెలియదు. ఎవరిదైనా చోటు ఖాళీ అయితే ఆ కుళాయి దగ్గర వెంటనే ఇంకొకరు కూర్చుంటారు, ఖాళీ అయినట్టే కనబడదు. కట్టినవాళ్లకు ఇది తట్టి ఉండదు. సున్నం, రాయి, మినార్ల గురించి అందరూ మాట్లాడతారు. మనిషికి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టడం కూడా కట్టడంలో భాగమని, అది తీసేస్తే కప్పు కారినట్టు బయటికి కనబడదని, కమిటీ పెద్దకు చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఏడు గుంబజుల నుంచి అదే సాయంత్రం మనవణ్ని తీసుకొని కార్వాన్ పోయాను. మల్గీల్లో ఇప్పుడు మొబైల్ రిపేర్లు, జిరాక్సు. శెట్టి మనవడు మాత్రం అదే మల్గీలో ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కుళాయి దగ్గర కూర్చొని గోడను చూస్తూ వజూ చేశాను. లోపలికి పోయి మెహరాబు ఎడమ పక్క గోడ మీద అరచెయ్యి పెట్టాను. పైన ఏదో రంగు వేశారు, అయినా చల్లగానే ఉంది. సలాం తర్వాత మనవడు షెడ్డు కింద బండల మీద అటూ ఇటూ గంతులేస్తున్నాడు. ఒక చోట బండల అతుకు నలుచదరంగా, చుట్టూ కొంచెం దిగి కనబడుతుంది. వాణ్ని అక్కడ ఆపి, మోచెయ్యి పెట్టి కొలవమన్నాను. ఎందుకని అడగకుండా మోకాళ్ల మీద కూర్చొని కొలవడం మొదలుపెట్టాడు. ఒక అంచు పూర్తయ్యేసరికి పద్నాలుగు.

చెప్పులేసుకొని బయటికి వచ్చాను. మెట్ల కింద నలుగురైదుగురు ఉన్నారు. మునుపటంత వరస కాదు, కానీ ఉన్నారు. పనిబట్టల్లో ఉన్న ఒక చిన్న వయసు తల్లి బిడ్డను చేతుల్లో ముందుకు చాపి ఏమనాలో తెలియక నిలబడింది. భుజాన ఆఫీసు బ్యాగు.

"ఏం పేరమ్మా బిడ్డది?" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. పేరు చెప్పింది. రాత్రి నిద్రపోవట్లేదు తాతా అంది.

నేను వంగాను. పాల వాసన. బిడ్డ కండ్లు తెరిచి నేరుగా నా ముఖంలోకి చూస్తోంది. ఖుల్ హువల్లాహు మూడుసార్లు చదివి, మెల్లగా ఊదాను. నుదుటి మీది పల్చటి వెంట్రుకలు కదిలాయి. నా వెనక ఇంకొకాయన వచ్చి ఆగాడు. మనవడి చెయ్యి పట్టుకొని ఆయనకు చోటిచ్చి పక్కకు జరిగాను.